విల్కాక్సు కౌంటీ: ప్రత్తి పండించిన చేతుల చరిత్రము

పాత చీరెలను పొరలు పొరలుగా పఱచి, అంచులు మడిచి, చలికాలము వచ్చుసరికి బొంత కుట్టి పెట్టుట మన పల్లెటిండ్లలో ముత్తవ్వల నాటినుండి వచ్చుచున్న పని. ఆ బొంతలో నొక మూల తల్లి పెండ్లిచీరె చెఱగు, మఱియొక మూల బిడ్డ చిన్ననాటి చొక్కా కనబడును. ఆ యింట ఎవరెవరుండిరో, వారి కలిమిలేము లెట్టివో దానిని చూచియే కొంతవఱకు చెప్పవచ్చును. ఇట్టి బొంతల మూలముగనే లోకమునకు తెలియవచ్చిన మారుమూల సీమ యొకటి అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున, అలబామా రాష్ట్రమునందు కలదు. దాని పేరు విల్కాక్సు కౌంటీ. ఆ సీమ చరిత్రమును పాఠకురాండ్రకు చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

కౌంటీ యనగా రాష్ట్రములోని యొక పరిపాలనా భాగము. మన జిల్లా వంటిదే గాని వైశాల్యములో దానికంటె చిన్నది. దానికొక ముఖ్యపట్టణము, అందొక న్యాయస్థానము, దస్తావేజులను దాఖలు చేయు కచేరి, పన్నుల లెక్క—ఇవి యుండును. విల్కాక్సు కౌంటీ వైశాల్యము సుమారు 900 చదరపు మైళ్లు. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో అచ్చటి జనులు 10,600 మంది. 1860లో 24,618 మంది. ఇతర సీమలలో జనము పెరుగుచుండగా ఇచ్చట సగమునకంటె తక్కువయ్యెను. ఏల యిట్లయ్యెనో తెలియవలెనన్నచో, ఆ నేల యెవరి చేతినుండి యెవరి చేతికి పోయెనో తెలిసికొనవలెను. కచేరీలోని పుస్తకములలో క్రయపత్రములు, వీలునామాలు, అప్పుల పద్దులు కలవు. కాని ఆ నేలను దున్నినవారు, ప్రత్తి ఏరినవారు చిరకాలము ఆ పుస్తకములలో మనుష్యులుగా గాక ఆస్తిగా మాత్రమే కనబడుదురు. వారి చరిత్రమునే ఇచ్చట ముఖ్యముగా చెప్పెదను.

తొలి నివాసులు

ఐరోపావారి సంతతి రాకమునుపు అలబామా నదీతీరములయందు మస్కోగీ జాతివారు నివసించుచుండిరి. తెల్లవారు వారిని క్రీకులని పిలిచిరి. వారిలో వంశము తల్లినిబట్టి లెక్కింపబడుచుండెను. బిడ్డలు తల్లి కులమునకు చెందుదురు. పెండ్లియైన పురుషుడు భార్య బంధువుల నడుమ వచ్చి కాపురముండును. ఇల్లును ఇంటి చేనును ఆమె వంశమువే. మలయాళ దేశపు తఱవాడులను గూర్చి విన్నవారికి ఈ పద్ధతి కొంత బోధపడును. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి వారి ముఖ్యమైన పంటలు. విత్తుట, కలుపు తీయుట, కోసి దాచుట ఎక్కువగా స్త్రీల పని. కావున ఈ నేలకు మొదటి సేద్యగత్తెలు మస్కోగీ స్త్రీలే యని చెప్పవలెను.

1813, 1814 సంవత్సరములలో క్రీకులలో నొక పక్షమువారికిని అమెరికా సేనలకును యుద్ధము జరిగెను. సేనానియైన ఆండ్రూ జాక్సను జయించి, 1814 ఆగస్టు 9వ తేదీన ఫోర్టు జాక్సను వద్ద సంధిపత్రముపై సంతకములు చేయించెను. ఆ యొక్క పత్రముతో క్రీకులు రెండు కోట్ల యెకరములకు పైగా భూమిని కోల్పోయిరి. తనతో చేయి కలిపి పోరాడిన క్రీకుల భూములను సైతము జాక్సను విడిచిపెట్టలేదు. 1830 తరువాతి సంవత్సరములలో మిగిలినవారిని కూడ మిసిసిపీ నదికి ఆవల పడమటి దేశమునకు పంపివేసిరి. తల్లుల చేతిలోనున్న చేలు ఇట్లు సర్కారు భూములై, వేలములో అమ్ముడుపోయెను.

కౌంటీ ఏర్పడుట

1793లో ప్రత్తి గింజలను వేరుచేయు జిన్ను యంత్రమును ఎలీ విట్నీ కనుగొన్న పిదప అమెరికా దక్షిణ సీమలలో ప్రత్తికి మించిన పంట లేదన్న భావము వ్యాపించెను. కరొలీనా, వర్జీనియా, జార్జియా సీమలలో పలుయేండ్ల సేద్యముచే భూములు సారము తగ్గియుండెను. అలబామా నడిభాగమునందో, మన నల్లరేగడిని బోలిన నల్లని బంకమట్టి నేల బారులు తీర్చియుండెను. అందుచే దానికి నల్లపట్టె యను అర్థము గల పేరు వచ్చెను. అచ్చట భూములు చౌకగా దొరకునను వార్త వినినంతనే జనులు బండ్లు కట్టుకొని బయలుదేరిరి. ఆ తహతహకు నాటివారు అలబామా జ్వరమని పేరు పెట్టిరి.

1819 డిసెంబరు 13వ తేదీన విల్కాక్సు కౌంటీ ఏర్పడెను. మఱునాడే అలబామా రాష్ట్రముగా సంయుక్త రాష్ట్రములలో చేరెను. క్రీకులతోడి యుద్ధమున 1814లో మరణించిన జోసెఫ్ విల్కాక్సు అను లెఫ్టినెంటు పేరు కౌంటీకి పెట్టిరి. మొదటి ముఖ్యపట్టణము నదీతీరమునందలి కాంటన్. 1833లో కచేరీలను కామ్డెన్‌కు మార్చిరి. నేటికిని అదియే ముఖ్యపట్టణము.

ఆ దినములలో మంచి బాటలు లేవు. నదియే రాజమార్గము. 1821లో హారియట్ అను పొగయోడ మొబైల్ రేవునుండి ఏటికి ఎదురెక్కి మాంట్గోమరీ వఱకు పోగలిగెను. అది మొదలు నదీతీరమున రేవులు వెలసెను. ఎత్తైన గట్లపైనుండి ప్రత్తి బేళ్లను ఏటవాలు బల్లలపై జార్చి ఓడలలోనికి దింపెడివారు. ఆ ప్రత్తి మొబైల్ చేరి, సముద్రము దాటి, లివర్‌పూల్ రేవునుండి మాంచెస్టరు మిల్లులకు పోవుచుండెను. అమెరికా దక్షిణ సీమల ప్రత్తితో ఇంగ్లండు మిల్లులు నేసిన గుడ్డలే మన తెనుగు సీమ సంతలలోనికి వచ్చి మన సాలెవారి మగ్గములకు పని తగ్గించిన సంగతి పాఠకురాండ్రు మఱువరాదు. ఎచ్చటనో బానిస యేరిన ప్రత్తి మన ముంగిట నేతగాని కూడు తీసెను.

1860 జనాభాలెక్క నాటికి కౌంటీలోని 24,618 మందిలో 17,797 మంది బానిసలు. అనగా నూటికి డెబ్బదిమందికి మించి తమ దేహముపై తమకు హక్కు లేనివారు. నదీతీరపు పెద్ద మేడలును, వాని స్తంభములును వారి కష్టముచేతనే లేచెను.

గీస్ బెండ్

కౌంటీలో అలబామా నది యొకచోట గుఱ్ఱపునాడవలె తిరిగి, మూడు ప్రక్కల నీటితో ఒక సీమను చుట్టుకొనును. కౌంటీ ఏర్పడకమునుపే, 1816లో, ఉత్తర కరొలీనానుండి జోసెఫ్ గీ అను భూస్వామి కొందఱు బానిసలతో వచ్చి అచ్చట ప్రత్తి సేద్యము మొదలిడెను. అతని పేరుమీదుగ ఆ సీమను గీస్ బెండ్ అందురు. గీ గారి ఏటివంపు అని దాని యర్థము. అతడు 1824లో మరణింపగా నేలతోబాటు 47 మంది బానిసలు అతని అన్నదమ్ముల కొడుకులకు సంక్రమించిరి. 1845లో వారు తాము పడిన 29,000 డాలర్ల అప్పు క్రింద ఆ కమతమును తమ బంధువైన మార్క్ పెట్వే అనువానికి వదలుకొనిరి.

పెట్వే 1846లో తన కుటుంబముతో ఉత్తర కరొలీనానుండి వచ్చెను. యజమాని కుటుంబమునకు బండ్లుండెను. సుమారు నూఱుమంది బానిసలు ఆఱు వందల మైళ్లకు పైబడిన దారిని కాలినడకను వచ్చిరి. వంటమనిషి యొక్కతె మాత్రము బండిలో వచ్చెనని చెప్పుకొందురు. బిడ్డలను చంకబెట్టుకొని నడచిన ఆ తల్లుల పేర్లు ఏ చరిత్రములోను లేవు. యజమాని యింటిపేరు మాత్రము వారికి అంటుకొనెను. నేటికిని గీస్ బెండ్‌లో పెట్వే యను ఇంటిపేరు గల నల్లజాతి కుటుంబములు పెక్కులు కలవు. వారిలో అనేకులు ఆ నడచి వచ్చినవారి సంతతి.

ఒకే కౌంటీలో రెండు తీర్పులు

చదువు సంగతి చూడుడు. 1832లో అలబామా శాసనసభ ఒక చట్టము చేసెను. బానిసకు గాని, బానిసకాని నల్లజాతివానికి గాని అక్షరములు నేర్పినవారికి 250 మొదలు 500 డాలర్ల వఱకు జుల్మానా. ఆ చట్టము అమలులో నుండగనే 1850లో కామ్డెన్ పట్టణమున విల్కాక్సు బాలికా విద్యాలయము స్థాపింపబడెను. రెండంతస్తుల చక్కని ఇటుక కట్టడము. అది నేటికిని నిలిచియున్నది. తెల్లవారి బాలికలు దూరప్రదేశములనుండి వచ్చి అందు చదివిరి. ఆడుపిల్లలకు చదువేల యని వాదించు ఆ కాలములో అట్టి పాఠశాల వెలయుట కొనియాడదగినదే. కాని ఆ బాలికల గుడ్డలుతికిన స్త్రీ బిడ్డకు అ, ఆలు నేర్పుట నేరము. విద్య స్త్రీకి అవసరమని యొప్పుకొన్న పెద్దలే స్త్రీ యన్నమాటకు హద్దు గీచిరి.

1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము రద్దయ్యెను. విడుదల పొందినవారు ముందుగ కోరినవానిలో చదువొకటి. ప్రెస్బిటీరియను సంఘమువారు 1880 తరువాత కౌంటీలో పలుతావుల నల్లజాతి బాలబాలికలకు పాఠశాలలు పెట్టిరి. 1893లో విలియం జేమ్స్ ఎడ్వర్డ్స్ అను యువకుడు, టస్కీగీ విద్యాలయమున చదువు ముగించి, తాను పుట్టిన స్నోహిల్ గ్రామమునకు తిరిగివచ్చి, ఒక దుంగల గుడిసెలో ముగ్గురు శిష్యులతో పాఠశాల తెఱచెను. కాలక్రమమున వందలకొలది విద్యార్థులతో అది పెద్ద విద్యాలయమయ్యెను. చదువుతోబాటు వడ్రంగము, సేద్యము, కుట్టుపని అందు నేర్పుచుండిరి.

స్వేచ్ఛ వచ్చెను, అప్పు పోలేదు

బానిసత్వము పోయినను నేల మాత్రము పూర్వపు యజమానులదే. విడుదలైనవారికి ఎద్దు లేదు, నాగలి లేదు, విత్తనము లేదు. అందుచే పాలు సేద్యము వచ్చెను. భూస్వామి నేల నిచ్చును; కుటుంబమంతయు పాటుపడి పండించిన ప్రత్తిలో అతడు పాలు తీసికొనును. పంట చేతికి వచ్చువఱకు తినుటకు, కట్టుటకు కావలసిన సరకులు షావుకారు అప్పిచ్చును. ఆ యప్పునకు రానున్న పంటయే తాకట్టు. అరువు ధర వేఱు, రొక్కపు ధర వేఱు, ఆపై వడ్డి. పద్దు వ్రాయువాడు షావుకారు. చదువురాని రైతు అతడు చెప్పిన మొత్తమును నమ్మవలసినదే. సంవత్సరాంతమున లెక్క చూచుకొనగా అప్పు మిగులును. అప్పున్నవాడు ఆ చేను విడిచి పోరాదు. మన పల్లెలలో వడ్డీవర్తకుని ఆవర్జా పుస్తకము నెఱిగిన సోదరీమణులకు దీనిని విప్పి చెప్పనక్కఱలేదు.

1901లో అలబామా రాష్ట్రము క్రొత్త రాజ్యాంగము వ్రాసికొనెను. ఓటు కావలెనన్నచో తలపన్ను కట్టవలెను, చదువు పరీక్షలో నెగ్గవలెను, లేదా ఆస్తి చూపవలెను. ఇట్టి షరతుల యుద్దేశము నల్లజాతివారిని ఓటర్ల పట్టికనుండి తొలగించుట. అది నెఱవేరెను. కౌంటీ జనులలో అధికసంఖ్యాకులు తమ సీమ పరిపాలనలో మాట లేనివారైరి.

1932వ సంవత్సరపు కరువు

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన కాలమున ప్రత్తి ధర మిక్కిలి పెరిగి, 1920 తరువాత పడిపోవుచు, 1932 నాటికి పౌను ప్రత్తికి అయిదాఱు సెంట్లు వచ్చుటయే గగనమయ్యెను. గీస్ బెండ్ కుటుంబములకు చాలకాలముగ సరకులు అప్పిచ్చుచున్న కామ్డెన్ వర్తకుడొకడు ఆ యేడు మరణించెను. అతని ఆస్తికి కర్తలైనవారు బాకీలన్నియు ఒక్కుమ్మడి వసూలు చేయ బూనిరి. సుమారు అఱువది కుటుంబముల యిండ్లమీద బడి, కంచరగాడిదలు, ఆవులు, పందులు, కోళ్లు, నాగళ్లు, బండ్లు, గాదెలలోని మొక్కజొన్న, నేలలో దాచుకొన్న చిలగడదుంపలు—దొరికినదంతయు తోలుకొనిపోయిరి. చలికాలము ముందున్నది. ఇంటిలో గింజ లేదు.

ఆ చలికాలమున వారు అడవికాయలు, ఏటి చేపలు తిని, దొరికినదానిని ఇరుగుపొరుగుతో పంచుకొని ప్రాణములు నిలుపుకొనిరి. రెడ్ క్రాసు సంఘమువారు పిండి పంపి ఆదుకొనిరి. గోడల సందులనుండి చలిగాలి రాకుండ స్త్రీలు వార్తాపత్రికల కాగితములు అంటించిరి; ఉన్న చినుగుగుడ్డలన్నియు ఏరి బొంతలు కుట్టి బిడ్డలకు కప్పిరి. ప్రభుత్వము పంపగా 1937లో ఆర్థర్ రోత్‌స్టీన్ అను ఛాయాచిత్రకారుడు వచ్చి తీసిన పటములలో ఆ దుంగల యిండ్లు, ఆ కాగితపు గోడలు, బొంత కుట్టుచున్న స్త్రీలు కానవత్తురు. ఆ పటములు దేశమంతట ప్రచారమాయెను.

నేల చేతికి వచ్చుట

అధ్యక్షుడు రూజువెల్టు కాలమున పేదరైతుల పునరావాసమునకై 1935లో ఒక శాఖ ఏర్పడెను. ఆ పథకము క్రింద ప్రభుత్వము 1937లో గీస్ బెండ్ కమతమును, సుమారు పది వేల యెకరములు, కొనివేసెను. గీస్ బెండ్ సేద్యమున కొక సహకార సంఘము ఏర్పడెను. విత్తనములకు, పశువులకు అప్పులిచ్చిరి. క్రొత్త యిండ్లు కట్టిరి. వానిని ఊరివారు రూజువెల్టు ఇండ్లని పిలిచిరి. పాఠశాల, అంగడి, జిన్ను, పిండిమర, వైద్యశాల వెలసెను. స్త్రీలకు కూరలు పండించుట, పండించినవానిని సీసాలలో నిలువచేయుట నేర్పిరి. 1940 తరువాతి సంవత్సరములలో ఆ నేలను చిన్నచిన్న కమతములుగ విభజించి, తక్కువ వడ్డీతో దీర్ఘకాలపు వాయిదాలపై అచ్చటి కుటుంబములకే అమ్మిరి. ఇట్లు పెట్వే బానిసల మనుమలు, మునిమనుమలు పెట్వే నేలకు యజమానులైరి.

సోదరీమణులారా! ఈ యొక్క మార్పు ఎంత గొప్పదో పిమ్మట తెలియగలదు. నల్లపట్టె సీమలో నల్లజాతి రైతులు పెక్కుమంది పరుల నేలమీద గుడిసెలో నుండినవారే. యజమాని కోపించినచో ఆ సాయంకాలమే బిడ్డలతో బయట పడవలెను. గీస్ బెండ్‌లో మాత్రము ఇంటి దస్తావేజు ఇంటిలోనే యుండెను.

బొంతలు

ఇప్పుడు బొంతల మాట. అచ్చటి బొంత మూడు పొరలు. పై పొర వన్నెవన్నెల పేలికలను కత్తిరించి అతికినది, నడుమ దూది, అడుగున పిండిసంచుల వంటి ముతక గుడ్డ. పేలికలను అతుకుట ఎవరికి వారు తమ యింట కూర్చుండి చేసికొను పని. మూడు పొరలను కలిపి కుట్టుట మాత్రము ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు చట్రము చుట్టు కూర్చుండి పాటలు పాడుచు చేయుదురు. తల్లి కుట్టుచుండగా చట్రము క్రింద ఆడుకొను పిల్లలు పైకి చూచియే ఆ విద్య నేర్చుకొందురు.

వారి బొంతలలో చేలలో ధరించి వెలిసిపోయిన నీలిగుడ్డ ఎక్కువ. మోకాలివద్ద అతుకు వేసిన చోటు ముదురునీలము, చుట్టును పాలిపోయిన నీలము—ఆ రెండు వన్నెలును బొంతలోనికి వచ్చును. నడుమ నొక చిన్న చదరము పెట్టి దాని చుట్టు పట్టీలు పెంచుకొనుచు పోవు కూర్పునకు ఇంటికప్పు అని పేరు. ఒకరు చేసినట్లు మఱియొకరు చేయరు. తమ చేతికి తోచిన తీరును వారు తమ సొంతమని చెప్పుకొందురు.

1942లో మిస్సోరీ పెట్వే అను స్త్రీ భర్త మరణించెను. ఆమె ఆతని పొలము బట్టలను—పంట్లాములు, చొక్కాలు—పెట్టెలో మూసిపెట్టలేదు, ఇతరుల కిచ్చివేయలేదు. కుమార్తె సాయముతో విప్పి, ముక్కలు చేసి, ఒక బొంతగ కుట్టెను. దాని క్రింద పడుకొని భర్తను తలచుకొనవలెనని ఆమె కోరిక. చెమటకును వానకును వెలిసిన ఆ గుడ్డముక్కలే ఆ రైతునకు సమాధి ఫలకము. పండితులు నేడు ఆ బొంతను గూర్చి గ్రంథములు వ్రాయుచున్నారు. ఆమె మాత్రము తన దుఃఖము తీర్చుకొనుటకే కుట్టుకొనెను.

బల్లకట్టు, ఓటు

గీస్ బెండ్ నుండి ఏటికి ఆవలియొడ్డున కామ్డెన్ కనుచూపు దూరముననే యున్నట్లు లెక్క. బల్లకట్టుపై దాటినచో స్వల్పకాలములో చేరవచ్చును. రోడ్డు చుట్టుకొని పోయినచో సుమారు నలువది మైళ్లు. ఓటు హక్కు కొఱకు నల్లజాతివారు కచేరీకి వచ్చుట మొదలిడిన కాలమున, 1962లో, ఆ బల్లకట్టును నిలిపివేసిరి. వైద్యునికొఱకు, అంగడికొఱకు, కచేరికొఱకు ఊరివారందఱును చుట్టుదారి పట్టవలసివచ్చెను.

1965 ఆరంభమున కౌంటీలో ఓటర్ల పట్టికయందు ఒక్క నల్లజాతి పేరు లేదు. ఆ ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ గీస్ బెండ్‌కు వచ్చి ప్రసంగించెను. స్త్రీ పురుషులు గుంపులుగ కామ్డెన్‌కు పోయి నిలిచిరి. పెక్కుమంది చెఱసాల పాలైరి. 1965 ఆగస్టు 6వ తేదీన ఓటు హక్కుల చట్టము వచ్చిన పిదప వేలకొలది పేర్లు పట్టికలో చేరెను. కాని ఓటు కొఱకు పేరు వ్రాయించుకొన్న దోషమునకు కౌంటీలోని ఇతర గ్రామములలో ఎన్నో కౌలు కుటుంబములను భూస్వాములు వెడలగొట్టిరి. గీస్ బెండ్‌లో సొంతభూమి గలవారిని వెడలగొట్టుట యెవరి తరము కాలేదు. ఇరువదియేండ్లకు ముందు చేతికి వచ్చిన దస్తావేజు విలువ ఆనాడు తెలిసెను.

1965 చివర ఫ్రాన్సిస్ వాల్టర్ అను క్రైస్తవ గురువు కౌంటీలో తిరుగుచు, తీగెపై ఆరవేసిన బొంతలను చూచి ముగ్ధుడై, ఒక్కొక్కదానికి పది డాలర్లిచ్చి కొని న్యూయార్కులో వేలము వేయించెను. ఆ ధనముతో 1966 మార్చిలో కౌంటీ స్త్రీలు తమ సహకార సంఘమును స్థాపించుకొనిరి. దాని పేరు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ; స్వేచ్ఛా బొంతల సంఘమని చెప్పవచ్చును. ఎస్టెల్ విథర్‌స్పూన్ అను నామె రెండు దశాబ్దములకు పైగా దానిని నడిపెను. 1969లో వారికి సొంత కుట్టుశాల యేర్పడెను. అందులకై కొన్న నేలలో కొంత భాగమును, ఓటు కారణముగ ఇల్లు కోల్పోయిన కుటుంబములకు ఇండ్లస్థలములుగ అమ్మిరి. 1972లో సియర్స్ అను పెద్ద వర్తకసంస్థ చారల మఖమలు వంటి కార్డురాయి గుడ్డతో దిండుగలీబులు కుట్టు పని వారి కప్పగించెను. ఆ పనిలో మిగిలిన ముక్కలు స్త్రీలు ఇంటికి గొనిపోయి క్రొత్త బొంతలు కుట్టిరి. అంతకుముందు రొక్కము చేతబట్టి యెఱుగని గృహిణులు తమ సంపాదనతో పిల్లలను చదివించిరి.

అయినను కష్టములు తీరలేదు. 1960 తరువాత మిల్లర్స్ ఫెర్రీ వద్ద నదిపై కట్టిన ఆనకట్టచే గీస్ బెండ్‌లోని మంచి సేద్యపు భూములు వేలకొలది యెకరములు నీట మునిగెను. ప్రత్తి సేద్యము సన్నగిల్లి, ఆ చేలలో పైను చెట్లు లేచెను. పైన్ హిల్ వద్ద కాగితపు మిల్లు వెలసినను అందఱికి పని చూపజాలలేదు. యువజనులు పనికై మొబైలునకు, ఉత్తరదేశపు నగరములకు పోయిరి. కౌంటీ జనసంఖ్య తగ్గుటకు కారణము లివి. ఆ రాష్ట్రములోని మిక్కిలి పేద కౌంటీలలో నేటికిని అది యొకటి.

2002లో హ్యూస్టన్ నగరపు లలితకళా ప్రదర్శనశాలలోను, పిదప న్యూయార్కులోని విట్నీ ప్రదర్శనశాలలోను గీస్ బెండ్ బొంతలను గోడలపై చిత్రపటములవలె తగిలించిరి. విమర్శకులు ఆశ్చర్యపడిరి. 2006లో అమెరికా తపాలాశాఖ పది బొంతల చిత్రములతో తపాలా బిళ్లలు ముద్రించెను. ఆ సంవత్సరమే, నలువదినాలుగేండ్లకు, బల్లకట్టు తిరిగి నడచెను. ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ 2012లో మూతపడినను, గీస్ బెండ్ స్త్రీలు బొంతలు కుట్టుట మానలేదు.

మనకు తోచు సంగతి

ఈ కౌంటీ చరిత్రమును మొదటినుండి చూచినచో ఒక సంగతి తేటపడును. మస్కోగీ తల్లి చేను సంధిపత్రముతో పోయెను. ప్రత్తి కమతము అప్పుపత్రముతో చేతులు మారెను. దానితో మనుష్యులును చేతులు మారిరి. షావుకారు పద్దుతో కోడిపిల్లతో సహ పోయెను. చివరకు ఒక చిన్న కమతపు దస్తావేజు చేతికి వచ్చిన నాడే ఆ కుటుంబములు ధైర్యముగ కచేరి మెట్లెక్కగలిగెను. కాగితములోని వ్రాత యెవరిదో, పేరు ఎవరిదో తెలిసికొనుట స్త్రీలకు అనవసరమని యెవరేని యన్నచో, విల్కాక్సు కౌంటీ కథ వారికి చెప్పవలెను. మన యింటి పత్రములను మనము చదువవలెను; సంతకము పెట్టుటకు ముందు అర్థము అడుగవలెను.

ఇంకొక మాట. ఈ చలికాలమున పెట్టెలోనుండి పాత బొంత తీసినపుడు, ఇంటిలోని పెద్దమ్మనో అవ్వనో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఈ ముక్క యెవరి చీరె, ఈ చెఱగు ఏ పండుగనాటిది అని అడుగుడు. ఆమె చెప్పినది ఒక పుస్తకములో వ్రాసి యుంచుడు. గీస్ బెండ్ తల్లులు ఆఱు వందల మైళ్లు నడచి వచ్చిరి. వారి పేర్లు వ్రాసినవారు లేకపోయిరి. మన యింటి పేర్లు వ్రాయుటకు మనకు అక్షరములు వచ్చును, కాలమును కలదు.